బ్రిటన్ టాలెంట్ వీసా ఫైలు ఎలా కట్టాలి: బెజవాడ, గుంటూరు టెకీల కోసం

2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బి పిటిషన్ల మీద లక్ష డాలర్ల ఫీజు పెట్టాక, మన వైపు సాఫ్ట్‌వేర్ వాళ్లున్న ఇళ్లల్లో టాలెంట్ వీసా అనే మాట తరచూ వినపడుతోంది. బ్రిటన్ వాళ్లు 2020 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన గ్లోబల్ టాలెంట్ వీసాకి ఫైలు ఎలా సిద్ధం చేసుకోవాలో ఇక్కడ చెబుతాను. దీనికి ఉద్యోగం ఆఫర్ అక్కర్లేదు. స్పాన్సర్ చేసే కంపెనీ అక్కర్లేదు. ఇంత జీతం ఉండి తీరాలన్న గీత లేదు, వీసా కోసం ఐఈఎల్‌టీఎస్ రాయక్కర్లేదు. వెళ్లాక ఉద్యోగం మారినా, మానేసి సొంత కంపెనీ పెట్టుకున్నా వీసాకి ఢోకా లేదు. బదులుగా వాళ్లు అడిగేది ఒకటే: ఈ మనిషి చేసిన పని గొప్పదని మీరు కాకుండా ఇంకొకరు చెప్పే కాగితాలు.

మనవాళ్ల ఫైళ్లు దెబ్బతినేది అక్కడే. పదేళ్లు రాత్రింబవళ్లు కష్టపడి ఉంటారు, ఆ కష్టం టీమ్ లీడుకీ మేనేజరుకీ తప్ప మూడో మనిషికి తెలియదు. అందుకే అప్లై చేయాలనుకున్న తేదీకి కనీసం ఏడాదిన్నర ముందు పని మొదలుపెట్టండి.

అమెరికాలో ప్రతిభ చూసి ఇచ్చే ఈబీ-1ఏ గ్రీన్‌కార్డు వైపు చూసేవాళ్లకి ఒక మాట. అక్కడ 10 ప్రమాణాల్లో కనీసం 3 చూపించాలి, ఆపైన మొత్తం ఫైలు బరువు చూస్తారు. సొంతంగా అప్లై చేసుకోవచ్చు గానీ ఇండియాలో పుట్టినవాళ్లకి ఆ క్యూ కూడా పెరిగింది. ఆస్ట్రేలియా 2024 డిసెంబరులో నేషనల్ ఇన్నోవేషన్ వీసా తెచ్చింది. ఫారాలు, ప్రమాణాలు ఎక్కడికక్కడ వేరు. సాక్ష్యాలు పోగుచేసే పని మాత్రం అన్నిటికీ ఒకటే.

ముందు, మీ పని వీళ్ల లెక్కలోకి వస్తుందా

వీసా రెండు దశల్లో వస్తుంది. మొదటిది ఎండార్స్‌మెంట్, అంటే మీకు ఆ సత్తా ఉందని ఆ రంగం సంస్థ ఒకటి ఇచ్చే ఆమోదం. సాఫ్ట్‌వేర్, డేటా, ఏఐ, ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్ లాంటి డిజిటల్ టెక్నాలజీ వాళ్ల ఫైళ్లు టెక్ నేషన్ అనే సంస్థ చూస్తుంది. వాళ్లు సరేనన్నాక రెండో దశలో బ్రిటన్ హోమ్ ఆఫీసు వీసా ఇస్తుంది. కాలేజీలో పాఠాలు చెబుతూ పరిశోధన చేస్తున్న పీహెచ్‌డీ వాళ్లకి రాయల్ సొసైటీ, రాయల్ అకాడమీ ఆఫ్ ఇంజినీరింగ్ వంటి దారులు వేరే ఉన్నాయి. వడ్డేశ్వరంలోనో వడ్లమూడిలోనో ప్రొఫెసరుగా ఉన్నవాళ్లు ముందు అటు చూడండి.

టెక్ నేషన్ దగ్గర రెండు వరుసలున్నాయి. ఇప్పటికే పేరు తెచ్చుకున్నవాళ్లకి ఎక్సెప్షనల్ టాలెంట్, ఎదుగుతున్నవాళ్లకి ఎక్సెప్షనల్ ప్రామిస్. ఈ రంగంలో ఐదేళ్ల లోపు అనుభవం ఉన్నవాళ్లు మామూలుగా ప్రామిస్‌లోకి వస్తారు. టాలెంట్ వాళ్లు మూడేళ్లకీ, ప్రామిస్ వాళ్లు ఐదేళ్లకీ సెటిల్‌మెంట్ (శాశ్వత నివాసం) అడగొచ్చన్నది ఇంతవరకు ఉన్న పద్ధతి. 2025 మేలో వాళ్ల ప్రభుత్వం సెటిల్‌మెంట్ నిబంధనలు మారుస్తామని శ్వేతపత్రం ఇచ్చింది కాబట్టి, అప్లై చేసే ముందు మరోసారి చూసుకోండి. పన్నెండేళ్ల అనుభవం పెట్టుకుని ప్రామిస్‌లో దూరదామని చూడొద్దు. రెజ్యూమె మొదటి పేజీలోనే దొరికిపోతారు.

ఇక అసలు ముడి. మీది ప్రొడక్ట్ కంపెనీయా, సర్వీస్ కంపెనీయా? గన్నవరం మేధా టవర్స్‌లో కూర్చున్నా, ఇంటి దగ్గర నుంచే బెంగళూరు ఆఫీసుకి పని చేస్తున్నా ఈ ప్రశ్న తప్పదు. అవుట్‌సోర్సింగ్, కన్సల్టింగ్, క్లయింటు కోసం కోడ్ రాసిచ్చే పని, ఈఆర్‌పీ అమలు, సిస్టమ్స్ మెయింటెనెన్స్ ఈ వీసాకి సరిపడే అనుభవం కాదని టెక్ నేషన్ గైడ్ స్పష్టంగా చెబుతుంది. పాతికమందిని నడిపించారా, క్లయింటుకి కోట్లు మిగిల్చారా అన్నది తర్వాతి సంగతి. కంపెనీ తన సొంత డిజిటల్ ఉత్పత్తిని తయారుచేసి అమ్ముతూ ఉండాలి. మన దగ్గర ఎక్కువమంది సర్వీస్ వైపే ఉన్నారు కాబట్టి ఇది చేదు మాటే. ఫీజు కట్టి తిరస్కరణ తెచ్చుకోవడం కంటే ముందే తెలుసుకోవడం నయం.

సర్వీస్ కంపెనీలో ఉన్నంత మాత్రాన దారి మూసుకుపోలేదు. ఆఫీసు పని కాకుండా బయట ఏం చేశారన్నదే మీ ఫైలు అవుతుంది. లేదా ముందు ప్రొడక్ట్ కంపెనీకి మారి, ఏడాదో రెండేళ్లో అక్కడ గట్టి పని చేసి, అప్పుడు రండి.

ప్రమాణాల లెక్క

తప్పనిసరి ప్రమాణం ఒకటి: గత ఐదేళ్లలో ఈ రంగంలో ముందున్నవాళ్లుగా, లేదా ముందుకొచ్చే సత్తా ఉన్నవాళ్లుగా గుర్తింపు వచ్చిందని చూపాలి. దాంతోపాటు నాలుగు ఐచ్ఛిక ప్రమాణాల్లో కనీసం రెండు. కొత్త ఆవిష్కరణ మొదటిది. మీ ఉద్యోగానికి అవతల ఈ రంగం కోసం చేసిన పనికి గుర్తింపు రెండోది. ప్రొడక్ట్ కంపెనీలో టెక్నికల్‌గానో వ్యాపారపరంగానో వేసిన పెద్ద ముద్ర మూడోది. పరిశోధన నాలుగోది.

వీటికి సాక్ష్యంగా పది డాక్యుమెంట్ల వరకు పెట్టొచ్చు, ఒక్కోటి మూడు ఏ4 పేజీలు మించకూడదు. ఇవి కాక రెజ్యూమె, వెయ్యి పదాల్లోపు పర్సనల్ స్టేట్‌మెంట్, మూడు సిఫారసు లేఖలు. నా సలహా: తప్పనిసరి ప్రమాణానికి నాలుగు, మిగతా రెండిటికీ మూడేసి పెట్టండి. నాలుగు ఐచ్ఛిక ప్రమాణాలూ కొట్టేద్దామని సాక్ష్యాలు పల్చగా పరచొద్దు. ఒకే కాగితాన్ని రెండు చోట్ల తిప్పొద్దు.

సాక్ష్యాలు పోగుచేయడం

ఒక ఆదివారం కూర్చుని గత ఐదేళ్లవీ బయటికి తీయండి. ఆఫర్ లెటర్లు, జీతం పెరిగిన లెటర్లు, బోనస్, షేర్లు ఇచ్చిన కాగితాలు, పేటెంటు దరఖాస్తులు, మాట్లాడిన సభల ప్రోగ్రామ్ షీట్లు, మీ పేరున్న పత్రికా కథనాలు, ఓపెన్ సోర్స్‌లో మీరు పంపిన మార్పులు. కంపెనీ మానేసే ఆలోచన ఉంటే హెచ్‌ఆర్ లెటర్లు ముందే తీసుకోండి, లాగిన్ పోయాక బతిమాలుకోవాల్సి వస్తుంది. కంపెనీ రహస్య డాక్యుమెంట్లు మాత్రం ఎత్తుకు రావొద్దు. కావాల్సిన అంకెల్ని సీటీఓ తన లెటర్‌లో రాసిస్తే చాలు.

ఒక డాక్యుమెంటు ఎలా కట్టాలో మాటవరసకి చూద్దాం. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ ఏజెంట్లకి యాప్ అమ్మే చిన్న స్టార్టప్‌లో ఒకమ్మాయి బ్యాకెండ్ ఇంజినీరు అనుకుందాం. ఆమె మామూలుగా రాసేది ఇలా ఉంటుంది: "యార్డు డిజిటైజేషన్ ప్లాట్‌ఫామ్‌లో కీలక పాత్ర పోషించాను." దీన్ని చదివే నిపుణుడికి ఏమీ తెలియదు. మిర్చి యార్డు అంటే ఏమిటో కూడా ఆయనకి తెలియదు.

అదే మూడు పేజీల్లో ఇలా పెట్టాలి. మొదటి పేజీలో సమస్య: సీజన్లో ఒక్క రోజు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) యార్డుకి వస్తాయి, తేజ రకానికి ఒక ధర, బాడిగ రకానికి ఒక ధర, లాటు లాటుకీ చీటీ మీద రాసుకుంటే ఎక్కడ తేడాలొచ్చేవి. యార్డు లోపల సిగ్నల్ పోయినా ఫోన్‌లో ధర నమోదై, సిగ్నల్ రాగానే ఒకే లాటు రెండుసార్లు ఎక్కకుండా సర్దుకునే పద్ధతిని తాను ఎలా డిజైన్ చేసిందో రెండు పేరాలు, కింద ఆమె పేరూ తేదీ ఉన్న డిజైన్ బొమ్మ. రెండో పేజీలో ఫలితం: ఎంతమంది ఏజెంట్లు వాడుతున్నారు, అంతకుముందు ఎంతమంది, నెలవారీ గ్రాఫ్, ఆదాయంలో మార్పు. మూడో పేజీలో కంపెనీ లెటర్‌హెడ్ మీద సీటీఓ మాట: "ఈ భాగం ఆలోచన, అమలు ఈమెవే, టీమ్‌లో మిగతా నలుగురూ ఆ పునాది మీద పని చేశారు." ఎవరూ అడక్కుండానే "మీరేం చేశారు, మీ టీమ్ ఏం చేసింది" అన్న సందేహం తీరిపోవాలి. మనవాళ్లు ఇక్కడ మొహమాటపడి "మేము" అని రాస్తారు. ఈ ఫైలులో "నేను" అనే రాయాలి.

పేజీలో లింక్ ఇచ్చి చూసుకోమనొద్దు. చూపించదలుచుకున్నది స్క్రీన్‌షాట్‌గా పేజీలోనే ఉండాలి, అదీ చదవగలిగే సైజులో. తెలుగు పత్రికలో మీ గురించి వచ్చిన వార్త పెడితే ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి.

ఉద్యోగానికి బయట చేసే పని

సర్వీస్ కంపెనీ వాళ్లకి ప్రాణం పోసే ప్రమాణం ఇదే, మనవాళ్లు ఎక్కువగా తప్పుదారి పట్టేదీ ఇందులోనే. పాత కాలేజీ వాళ్లు పిలిచి ఒక పూట గెస్ట్ లెక్చర్ ఇప్పించి, శాలువా కప్పి, జ్ఞాపిక ఇస్తారు. ఫొటో బావుంటుంది, ఇంట్లో గోడకి పెట్టుకోండి. ఫైలుకి మాత్రం బరువు రాదు. ఎందుకంటే మిమ్మల్ని ఎవరూ పోటీలో ఎంపిక చేయలేదు, దానివల్ల రంగంలో ఏదీ మారలేదు.

బరువున్న పనులు వేరు. పైకాన్ ఇండియా, ఇండియాఫాస్ లాంటి సభలకి ఎవరైనా ప్రసంగం ప్రతిపాదన పంపొచ్చు, వచ్చినవాటిలో కొన్నే ఎంపికవుతాయి. ఆ ఎంపిక మెయిలు, ప్రోగ్రామ్ పేజీ, ఎంతమంది విన్నారన్న వివరం కలిస్తే ఒక డాక్యుమెంటు. నలుగురూ వాడే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకి ఏడాది పాటు పని చేస్తే, దాన్ని నడిపేవాళ్లే మీకు సాక్షులు. భారతీయ భాషల టూల్స్‌లో చేయాల్సింది ఇంకా చాలా ఉంది: తెలుగు ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని చదవడం), మాటను అక్షరాల్లోకి మార్చడం, ఫాంట్లు, కీబోర్డులు. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ వాళ్లు కోడ్, మోడళ్లు బహిరంగంగా పెడుతున్నారు. స్వేచ్ఛ అనే సంస్థ వాళ్లు తెలుగు రాష్ట్రాల్లో ఏళ్ల తరబడి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద పని చేస్తున్నారు. గుంటూరులో కూర్చుని రాత్రి భోజనం అయ్యాక చేసుకోదగ్గ పని ఇది. దీనికి బ్రాడీపేట కోచింగ్ సెంటర్లూ అక్కర్లేదు, మాదాపూర్ పీజీ అద్దే అక్కర్లేదు.

మెంటరింగ్ చేశామంటే అది ఒక పద్ధతి ఉన్న కార్యక్రమం అయ్యుండాలి. దరఖాస్తులు తీసుకుని మెంటర్లని ఎంపిక చేసి, కొన్ని నెలల పాటు నడిపేది. బంధువుల పిల్లలకి ఇంటర్వ్యూ ప్రిపరేషన్ చెప్పడం పుణ్యం, సాక్ష్యం కాదు.

ఇక ప్రొఫైల్ బిల్డింగ్ ప్యాకేజీల సంగతి. ఇన్ని లక్షలిస్తే రెండు అవార్డులు, మూడు జర్నల్ పేపర్లు, ఏదో పోటీకి న్యాయనిర్ణేత హోదా, రెండు వెబ్ పత్రికల్లో ఇంటర్వ్యూ వేయించి పెడతామని ఫోన్లు చేస్తారు. నాకు తెలిసిన ఒకాయన చేతిలో అలాంటి జాబితా ధరలతో సహా చూశాను, కర్రీ పాయింట్ మెనూ లాగా ఉంది. ఫీజు కట్టినవాళ్లందరికీ ఇచ్చే అవార్డులో, వారంలో అచ్చేసే జర్నల్‌లో ఏ పసా లేదని చూడగానే తెలుస్తుంది. పైగా ఒక దొంగ కాగితం పక్కన పది నిజమైనవి ఉన్నా వాటినీ అనుమానంగానే చూస్తారు. బ్రిటన్ వీసాలో తప్పుడు పత్రం పెట్టినట్టు తేలితే పదేళ్ల నిషేధం దాకా పోవచ్చు. ఆ డబ్బు పెట్టి మంచి సభకి రానూపోనూ టికెట్ కొనుక్కోండి.

మూడు సిఫారసు లేఖలు

మూడూ మూడు వేర్వేరు సంస్థల పెద్దల నుంచి రావాలి. రాసేవాళ్లు డిజిటల్ టెక్నాలజీలో పేరున్నవాళ్లై, మీ పనిని కనీసం 12 నెలలుగా ఎరిగి ఉండాలి. లేఖ ఈ వీసా కోసమే రాసినదై ఉండాలి. సంతకం, తేదీ, రాసినాయన హోదా, ఆయన అర్హతలు ఉండాలి. మీ మేనేజరు, మీ కాలేజీ హెచ్‌ఓడీ, మీ బావగారి కంపెనీ డైరెక్టరు అన్న కూర్పు చూడగానే బలహీనంగా కనపడుతుంది. ప్రొడక్ట్ కంపెనీ సీటీఓ ఒకరు, మీరు పని చేసిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు నడిపేవారు ఒకరు, మీ పనిని వాడుకున్న వేరే సంస్థ ఇంజినీరింగ్ హెడ్ ఒకరు అయితే ముగ్గురూ మూడు వైపుల నుంచి చూసినట్టు ఉంటుంది.

అడగడం దగ్గర మొహమాటం ఎక్కువ. వాట్సాప్‌లో "సార్, చిన్న హెల్ప్" అని పంపి ఊరుకోవద్దు. ఇలా పంపండి: "నమస్తే సార్. బ్రిటన్ గ్లోబల్ టాలెంట్ వీసాకి అప్లై చేస్తున్నాను. 2022, 23లో మీ దగ్గర పేమెంట్స్ టీమ్‌లో చేసిన పని గురించి మీరు ఒక లేఖ రాస్తే బాగుంటుంది. అప్పటి పనిలో గుర్తున్న వివరాలు ఒక పేజీలో పంపుతున్నాను, మీకు నిజమనిపించినవే రాయండి. వచ్చే నెల పదో తేదీలోపు వీలవుతుందా? కుదరకపోతే మొహమాటపడకుండా చెప్పండి సార్." గడువు చెప్పారు, వివరాలిచ్చారు, కాదనే వీలూ ఇచ్చారు. పెద్దవాళ్లు ఇలా అడిగితేనే త్వరగా కదులుతారు.

చాలామంది "నువ్వే రాసి పంపు, సంతకం పెడతా" అంటారు. అక్కడ జాగ్రత్త. మూడు లేఖలూ మీ చేత్తో, లేదా ఒకే ఏఐ టూల్‌తో రాస్తే ముగ్గురు పెద్దమనుషులూ ఒకే గొంతుతో మాట్లాడతారు. "ఇతను కష్టజీవి, అంకితభావం గలవాడు" అని మూడు చోట్లా ఉంటే చదివేవాళ్లు నవ్వుకుంటారు. దానికి బదులు ఆయనతో అరగంట ఫోన్లో మాట్లాడండి. ఆయన నోటి నుంచి ఇలాంటి మాట వస్తుంది: "దీపావళి ముందు రోజు ట్రాఫిక్ మూడింతలై సర్వీసు పడిపోతుంటే, అప్పటికి రెండు నెలల ముందే ఇతను క్యూ పద్ధతి మార్చాలని పోట్లాడాడు. మేం వినలేదు. ఆ రాత్రి తర్వాత విన్నాం." ఆ సంగతి లేఖలోకి ఎక్కితే విశేషణాలు అక్కర్లేదు.

స్టేట్‌మెంట్, రెజ్యూమె

పర్సనల్ స్టేట్‌మెంట్‌లో బాల్యం వద్దు, నాన్న పొలం అమ్మి చదివించిన కథ వద్దు. బ్రిటన్‌కే ఎందుకు, అక్కడ ఏ ఊళ్లో ఉండాలనుకుంటున్నారు, ఏ పని చేస్తారు, దానివల్ల వాళ్ల టెక్ రంగానికి ఏం ఒరుగుతుంది అన్నవి చెప్పాలి. ఫిన్‌టెక్ అయితే లండన్ ఎందుకో, మీ పని అక్కడ ఎవరికి పనికొస్తుందో రాయండి. రెజ్యూమెలో ఇక్కడి ఉద్యోగాలకి పెట్టే నాలుగు వరుసల టూల్స్ జాబితా తీసేసి, చేసిన పని, ఫలితం పెట్టండి.

పేరు ఒకటేనా?

ఇది మనకే ఉన్న తలనొప్పి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి పేరు, ఆఫీసు రికార్డులో ముందుది వెనక్కీ వెనకది ముందుకీ, గిట్‌హబ్‌లో కాలేజీ రోజుల ముద్దుపేరు. నలుగురు వేర్వేరు మనుషులనుకునే ప్రమాదం ఉంది. లేఖలు రాసేవాళ్లందరికీ పాస్‌పోర్టులో ఉన్న పేరే, అదే అక్షరాలతో పంపండి. గిట్‌హబ్ స్క్రీన్‌షాట్‌లో ఆ ఖాతా మీదేనని తెలిసేలా ప్రొఫైల్‌లో పూర్తి పేరు పెట్టాకే తీయండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినవాళ్లు పాత పేరుతో ఉన్న సాక్ష్యాలకి ఒక వాక్యం వివరణ జతచేయండి.

డబ్బు, తర్వాతి పనులు

2025 ఏప్రిల్ నాటి రేట్ల ప్రకారం ఎండార్స్‌మెంట్‌కి 561 పౌండ్లు, వీసాకి 205, మొత్తం 766. కట్టే రోజు బ్రిటన్ ప్రభుత్వ సైటులో మళ్లీ చూసుకోండి. అసలు బరువు ఆరోగ్య సర్‌చార్జిది: పెద్దవాళ్లకి ఏడాదికి 1,035 పౌండ్లు, ఎన్నేళ్ల వీసా అడిగితే అన్నేళ్లదీ ముందే కట్టాలి. ఐదేళ్లకి మనిషికి 5,175 పౌండ్లు. పౌండు 115 రూపాయలనుకుంటే ఆరు లక్షలకి కాస్త తక్కువ. భార్యాభర్తలిద్దరూ వెళ్లాలంటే ఇది రెట్టింపు. వీసా ఒకటి నుంచి ఐదేళ్ల మధ్య ఎంతకైనా అడగొచ్చు కాబట్టి, చేతిలో డబ్బు చూసుకుని నిర్ణయించుకోండి.

ఎండార్స్‌మెంట్ రాలేదంటే కారణాలు రాసి పంపుతారు. 28 రోజుల్లోపు పునఃపరిశీలన అడగొచ్చు, దానికి ఫీజు లేదు, అయితే కొత్త సాక్ష్యాలు పెట్టనివ్వరు. వాళ్లు ఉన్న కాగితాన్ని సరిగా చూడలేదనిపిస్తేనే అది అడగండి. సాక్ష్యమే చాలలేదంటే ఆరు నెలలు ఆగి, ఆ లోటు పూడ్చి, మళ్లీ కొత్తగా అప్లై చేయడమే మేలు.

వచ్చిందంటే మూడు నెలల్లోపు వీసాకి అప్లై చేయాలి. టీబీ పరీక్ష బ్రిటన్ వాళ్లు గుర్తించిన క్లినిక్‌లోనే చేయించుకోవాలి, ఆ సర్టిఫికెట్ ఆరు నెలలు చెల్లుతుంది. బయోమెట్రిక్స్‌కి (వేలిముద్రలు, ఫొటో) వీఎఫ్‌ఎస్ అనే వీసా దరఖాస్తుల సెంటర్లో అపాయింట్‌మెంట్ ఉంటుంది. హైదరాబాద్‌లో రెండూ ఉన్నాయి. వరుసగా రెండు రోజుల్లో దొరికేలా బుక్ చేసుకుంటే పొద్దున్నే శాతవాహన ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లి, రెండూ ముగించుకుని రావొచ్చు.

కుటుంబంతో వెళ్లేవాళ్లు ఎండార్స్‌మెంట్ వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే చూసుకోవాల్సినవి రెండున్నాయి. పెళ్లి ఘనంగా జరిగి, ఆల్బమ్ బీరువాలో ఉండి, రిజిస్ట్రేషన్ మాత్రం చేయించుకోని జంటలు మన దగ్గర బోలెడు. శుభలేఖ, ఫొటోలు, సాక్షులతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లి మ్యారేజ్ సర్టిఫికెట్ తీసుకోండి. రెండోది పిల్లల బర్త్ సర్టిఫికెట్. పుట్టిన వారంలో తీసుకున్నదాంట్లో పిల్ల పేరు గడి ఖాళీగా ఉంటుంది. పేరు చేర్పించుకుని, తల్లిదండ్రుల పేర్లు పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే ఉన్నాయో లేదో కౌంటరు దగ్గరే చదువుకుని తీసుకోండి.